డ్రమ్స్ మీద ఎవరు?
పాత రాక్ సింగిల్స్ పోగుచేయడం డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేసేవారు ‘లవ్ మీ డూ’ సంగతి వినాలి. 1962 సెప్టెంబరు 4న లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్స్ ఈ పాట రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ వాయించింది రింగో స్టార్. నిర్మాతలకు ఆ వాయింపు ఆనలేదు. 11వ తేదీన ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్‌ను కూర్చోబెట్టి, పాపం, రింగో చేతికి టాంబురిన్ ఇచ్చారు. చిత్రమేమిటంటే, అక్టోబరు 5న పార్లోఫోన్ కంపెనీ ఎర్ర లేబుల్‌తో వచ్చిన సింగిల్‌లో ఉన్నది రింగో డ్రమ్సే. 1963లో ఆల్బమ్‌లోకీ, తర్వాతి సింగిల్ ప్రతుల్లోకీ వైట్ వచ్చేశాడు. టాంబురిన్ గలగలలు వినిపించాయా, అది వైట్ డ్రమ్స్ వాయించిన ప్రతి. లేబుల్ చూడక్కర్లేదు, చెవి చాలు. రింగో వాయించిన అసలు టేపు కంపెనీ దగ్గర మిగల్లేదు. మళ్లీ విడుదల చేయాల్సి వచ్చినప్పుడు పాత డిస్కు నుంచే ఎక్కించుకున్నారు. ఆ డిస్కును గీత పడకుండా దాచినవాళ్లకు నా దండం. బీటిల్స్‌లో ఒకడైన మెకార్ట్నీ ఇంటిపేరు తప్పుగా అచ్చయిన 250 ప్రచార ప్రతుల కోసం వేలంలో ఎగబడేవాళ్లకు మాత్రం కాదు. వాళ్ల మోజు అచ్చుతప్పు మీదే, పాట మీద కాదు.