తలకెంత? లీటరుకెంత? ఎకరాకెంత?

భూమి వేడెక్కడానికి పశువులూ ఒక కారణమని పిల్లలు బడిలో చదివి వచ్చి ఇంట్లో చెబుతున్నారు. మాట అబద్ధం కాదు. నెమరువేసే పశువు పొట్టలో మేత పులిసినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది ఎక్కువగా త్రేన్పులతో నోటి నుంచే బయటికి వస్తుంది (వెనుక నుంచి అనుకుని నవ్వుకునేవారు గమనించాలి). నూరేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. 2019 పశుగణన ప్రకారం ఆవులు, గేదెలు కలిపి మన దేశంలో 30 కోట్లు. ఇంకేం, నేరమంతా మనదేనని తీర్పు చెప్పేవారు తయారయ్యారు. పాడితోనో, మాంసం వ్యాపారంతోనో, కోళ్ళతోనో బతికే కుటుంబాలు మనలో కొద్దిగా లేవు కనుక ఈ హిసాబ్ ఎలా కడుతున్నారో మనం తెలుసుకోవాలి.

ప్రపంచ కాలుష్య వాయువుల్లో పశుపోషణ వాటా 18 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2006లో చెప్పింది. అదే సంస్థ 2013లో 14.5 శాతమంది, 2023లో 12 శాతమంది. ఈలోగా పశువులు త్రేన్చడం మానలేదు. ఏవేవి కలపాలి, ఎలా కట్టాలి అన్న పద్ధతి మారింది.

పశువును గాలి చొరబడని గదిలో ఉంచి, లోపలికి పంపిన గాలినీ బయటికి వచ్చిన గాలినీ పరీక్షించి మీథేన్ కొలుస్తారు. కోట్ల పశువులను గదుల్లో పెట్టలేరు కదా! అందుకే ప్రాంతానికొక సగటు అంకె తీసుకుని పశువుల సంఖ్యతో హెచ్చవేస్తారు. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2006లో ఇచ్చిన పట్టికలో ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి వదిలేది 120 కిలోలకు పైనే. భారత ఉపఖండపు పాడి ఆవుది 60 కిలోల లోపే. తలకెంత అని అడిగితే మన ఆవుది సగం కూడా కాదు. అయితే అదే పట్టికలో అక్కడి ఆవు ఏడాదికి 8,400 కిలోల పాలిస్తే మనది 900 కిలోలే ఇస్తుంది. లీటరుకెంత అని అడగండి, మన ఆవు నాలుగింతల దోషి అవుతుంది. ఒకే పట్టిక, రెండు తీర్పులు!

ఇందులో మనం దాచుకోకూడని నిజం ఉంది. ఎండు వరిగడ్డితో సరిపెట్టిన పశువు పాలు తక్కువ ఇస్తుంది, ఇచ్చిన ప్రతి లీటరుకూ వాయువు ఎక్కువ వదులుతుంది. పచ్చిమేత, తవుడు, చెక్క తగుపాళ్ళలో పెడితే ఆ వాయువు తగ్గుతుంది, పాల డబ్బులూ పెరుగుతాయి. కాని పాలు మాత్రమే తూచే లెక్కలో ఎద్దు దున్నిన దుక్కి, పిడకలు, ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకునే గేదె విలువ ఎక్కడా కనిపించవు.

మూడో ప్రశ్న, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎకరాకెంత? లీటరు లెక్కలో ముందు వరుసలో నిలిచే నెదర్లాండ్స్ ఇక్కడ తప్పుతుంది. ఆ చిన్న దేశంలో పశువుల పేడ, మూత్రం నుంచి లేచే అమోనియా సంరక్షిత ప్రకృతి స్థలాల మీద నత్రజనిగా దిగి, అక్కడి సహజమైన మొక్కలను దెబ్బతీస్తోంది. 2019 మేలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నత్రజని అనుమతుల విధానాన్నే కొట్టివేసింది. అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో రోడ్లెక్కారు. పేడ వారికి అంత తలనొప్పి! మన తెలంగాణ, రాయలసీమ మెట్ట పొలాల్లోనైతే గొర్రెల మందను రాత్రిపూట చేనులో నిలిపినందుకు రైతే కాపరికి డబ్బులో గింజలో ఇస్తాడు.

అలాగని మనం గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోవడానికి లేదు. నెదర్లాండ్స్ గతి మన కోళ్ళ ఫారాల దగ్గర కనిపిస్తూనే ఉంది. వేల కోళ్ళు ఒకే షెడ్డులో, వాటి పెంట వేయడానికి చాలినంత నేల పక్కన లేదు. అన్నం కంచం ముందు ఈగలు, సాయంత్రమయ్యేసరికి వాసన. ఏ ప్రపంచ పట్టికలోనూ ఇది రాదు. 5,000 కోళ్ళు దాటిన ఫారాలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2023లో అమల్లోకి వచ్చింది. అనుమతి కాగితం ఒక్కటే చాలదని మా అభిప్రాయం. షెడ్డు లేవక ముందే ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని పంచాయతీలో ఉంచాలి. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. ఏటా అదే బోరును మళ్ళీ పరీక్షించి, పాత కాగితం పక్కన కొత్తది పెట్టి ఊరివారికి చూపించాలి. ఖర్చు ఫారం యజమాని భరించాలి, ఆ యజమాని మనవాడైనా సరే.