ఉత్తరభాగ చలనచిత్రము – ప్రేక్షకుల తీర్పు

కావ్యమునకు ఉత్తరభాగమును కూర్చుట తెలుగువారికి నూతన విషయము గాదు. నన్నయ విడిచిన ఆరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించెను. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును, చాలకాలమునకు పిమ్మట కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును రచించిరి. సంస్కృతమున భవభూతి మహావీరచరితమున శ్రీరాముని పూర్వచరితను నాటకీకరించి, ఉత్తరరామచరితమున తరువాతి కథను చేపట్టెను. ఇట్టి రచనలన్నిటి యెడ పాఠకుడు వేయు ప్రశ్న యొక్కటియే: పూర్వభాగము మిగిల్చిన ఋణమును ఉత్తరభాగము తీర్చినదా, లేదా? నేటి వీరచలనచిత్రముల ఉత్తరభాగములను చూచి థియేటరు వెలుపలికి వచ్చు ప్రేక్షకుడును ఈ ప్రశ్ననే వేయుచున్నాడు. అతడు శాస్త్రపరిభాషను వాడకపోవచ్చును. అంతమాత్రమున అతని తీర్పు ఉపేక్షింపదగినది కాదు.

సుకుమార్ దర్శకత్వమున అల్లు అర్జున్ నాయకుడుగా 2021 డిసెంబరు 17న విడుదలయైన 'పుష్ప: ది రైజ్' చిత్రమునకు ఉత్తరభాగమైన 'పుష్ప 2: ది రూల్' 2024 డిసెంబరు 5న అనేక భాషలలో వెలువడినది. దాని హిందీ రూపము ఒక్కటియే భారతదేశమున నికరముగా 800 కోట్ల రూపాయలను మించి ఆర్జించినట్లు వాణిజ్య వార్తలు తెలిపినవి. తెలుగు చిత్రమొకటి హిందీ ప్రాంతమున ఇంతటి ఆదరణను పొందుట విశేషమే. కాని ఆదరణ యెంత యని కొలిచినవారు పెక్కురు గలరు. ఆ ఆదరణ దేనికని విచారించినవారు కొందరే. ఈ విచారమునకు పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి అనువైన స్థలము.

జనక్‌పురి ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన విశాలమైన నివాస ప్రాంతము. ఉద్యోగరీత్యా రాజధానికి చేరిన తెలుగు కుటుంబములు అచ్చట చిరకాలముగా నివసించుచున్నవి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల యొకటి ఆ పేటలో గలదు. ఒకప్పుడు ఈ కుటుంబములకు తెలుగు చిత్రము దుర్లభ వస్తువు. ఆదివారపు మధ్యాహ్నము దూరదర్శన్ ప్రాంతీయ చిత్రములను ప్రసారము చేయు దినములలో, తెలుగువంతు వచ్చు వారమునకై ఇంటిల్లిపాదియు ఎదురుచూచెడివారు. నేడు జనక్‌పురి వాణిజ్య కేంద్రములోని థియేటర్లలోనే అగ్రనాయకుల తెలుగు చిత్రములు ఆడుచున్నవి. అయితే ఢిల్లీలో ఇట్టి చిత్రములకు హిందీ ప్రదర్శనలు అధికము, తెలుగు ప్రదర్శనలు స్వల్పము. కావున ఒకే యింటి తల్లిదండ్రులు తెలుగు రూపమును, పిల్లలు తమ మిత్రులతో గూడి హిందీ రూపమును చూచుట యరుదు గాదు. ఇంటికి వచ్చి వారు చర్చించునది ఒకే చిత్రమా, రెండు చిత్రములా యను సందేహము ఇచ్చటనే కలుగును.

ప్రేక్షకుల తీర్పును గూర్చి భరతముని నాట్యశాస్త్రమున సిద్ధి ప్రకరణమునందు విపులముగా చెప్పియున్నాడు. చిరునవ్వు, అట్టహాసము, మెచ్చుకోలు మాట, ఆశ్చర్యధ్వని, పులకాంకురము, ఆసనము నుండి లేచుట, వస్త్రములను ఉంగరములను విసరుట – ఇవన్నియు ప్రదర్శన ఫలించినదనుటకు చిహ్నములు. నేటి థియేటరులోని ఈలలు, కాగితపు ముక్కల వర్షము ఈ జాబితాలో చేరదగినవే. కాని భరతుడు అంతటితో తృప్తి చెందలేదు. తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను నియమించెను. శబ్దమును గూర్చి శబ్దశాస్త్రజ్ఞుడును, వేషమును గూర్చి చిత్రకారుడును, ఆయుధ ప్రయోగమును గూర్చి విలుకాడును నిర్ణయింపవలెను. ఉత్సాహధ్వని వేరు, నిర్ణయము వేరు అను వివేకము ఇందు గలదు. ఈ వివేకముతోనే పుష్ప ఉత్తరభాగముపై వినవచ్చిన అభిప్రాయములను పరిశీలింపవలసియున్నది.

మొదటి అభిప్రాయము కథాసంవిధానమును గూర్చినది. చిత్రము మూడుగంటల ఇరువది నిమిషములు నడచును. నిడివి హెచ్చినదని పలువురు ఆక్షేపించిరి. అయినను 2025 జనవరి 17 నుండి మరి యిరువది నిమిషముల దృశ్యములను చేర్చి ప్రదర్శించిరి. నిజమునకు ఆక్షేపణ నిడివిపై గాదు, అన్వయముపై. 2015లో వచ్చిన 'బాహుబలి' ప్రథమభాగము ఒక ప్రశ్నతో ముగిసినది. 2017 ఏప్రిల్ 28న విడుదలయైన ద్వితీయభాగము ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినది. ప్రేక్షకుని ఋణము తీరినది. పుష్ప పూర్వభాగము ప్రశ్నతో గాక ఒక అవమానముతో ముగిసినది. పోలీసు అధికారియైన షెకావత్‌ను నాయకుడు పరాభవించెను. ఆ వైరమే ఉత్తరభాగమును నడపవలెనని ప్రేక్షకుడు ఆశించుట సహజము. అయితే ఫహాద్ ఫాజిల్ ధరించిన ఆ పాత్ర కథాంతమునకు చాల ముందుగనే తెరనుండి తొలగును. తరువాతి కథ నాయకుని అన్న కుమార్తె అపహరణముపై తిరుగును. ఆరంభమున జపాను రేవులో జరిగిన పోరాటమునకు తగిన ముడి కానరాదు. తుదకు మూడవ భాగము రాగలదను సూచన. పాత బాకీ తీరకముందే క్రొత్త పత్రము వ్రాసికొన్నట్లున్నదని అసంతృప్తి చెందినవారి వాదము న్యాయమే. ఇది భాషాభేదము లేక ఉభయ ప్రేక్షకులును చెప్పిన మాట.

రెండవ అభిప్రాయము దగ్గర భేదము మొదలగును. పూర్వభాగమున నాయకుని నోట ప్రసిద్ధికెక్కిన 'తగ్గేదే లే' యను మాట చిత్తూరు మాండలికమునకు చెందినది. హిందీలో దానిని 'ఝుకేగా నహీ' అని మార్చిరి. అనువాదముగా అది చక్కగా అమరినది. ఉత్తరదేశమున పిల్లవాండ్రు సైతము గడ్డము క్రింద చేయి త్రిప్పి అనుకరించునంతటి వ్యాప్తిని పొందినది. కాని ఈ రెండు క్రియలకు అర్థచ్ఛాయ యొకటి గాదు. ఝుక్‌నా యనగా వంగుట; తలయో కొమ్మయో అధికారము ముందర, బరువు క్రింద వంగును. తగ్గుట కొలతకు సంబంధించినది. వెల తగ్గును, జ్వరము తగ్గును, ఏటినీరు తగ్గును. బేరమాడువాడు తగ్గును, తగ్గడు. పూర్వభాగములోని పుష్పరాజు కూలివాడుగా మొదలై కూలిని, పిదప వాటాను బేరమాడి పైకి వచ్చినవాడు. తన వెలను తాను నిర్ణయించుకొను కూలివాని మాటగా అది తెలుగు చెవికి వినబడును. హిందీ చెవికి అది సింహాసనము నెదిరించు వీరుని మాటగా వినబడును.

ఈ భేదము ఉత్తరభాగమున ఫలించినది. నాయకుడు షెకావత్‌కు క్షమాపణ చెప్పవలసిన ఘట్టము వచ్చును. వంగడని నమ్మినవానికి ఆ క్షమాపణ అపజయము. తరువాత ప్రతీకారము జరిగినగాని అతనికి మనశ్శాంతి లేదు. తగ్గుటను బేరముగా నెరిగినవానికి అదియొక ఎత్తుగడ. ఎప్పుడు తగ్గవలెనో ఎరుగుటయు వ్యాపారములో భాగమే. అట్లే ముఖ్యమంత్రితో ఛాయాచిత్రము తీయించుకొనుమని భార్య కోరగా, ఆమె మాటకు కట్టుబడి, ముఖ్యమంత్రి నిరాకరించినప్పుడు ముఖ్యమంత్రినే మార్చుటకు పూనుకొను వృత్తాంతము. లోకమునకు తగ్గనివాడు ఇల్లాలికి తగ్గుట యను చమత్కారము మూలభాషలో మాటలోనే యున్నది. డబ్బింగున అది కథలో మాత్రము మిగిలినది. శ్రేయస్ తల్పడే హిందీ గళము ప్రశంసనీయమైనదే. లోపము గళమున లేదు, రెండు భాషల నిర్మాణమున గలదు.

మూడవది ఇంటిపేరు. పుష్పరాజు తండ్రి వంశమువారు అతనికి ఇంటిపేరును నిరాకరించిరి. పూర్వభాగమున అది అతని గాయము. ఉత్తరభాగాంతమున ఆ కుటుంబము అతనిని తమవానిగా అంగీకరించుటయే అసలైన ఫలప్రాప్తి. హిందీ ప్రేక్షకునకు ఇది వంశగౌరవముగా తోచును. తెలుగువారిలో ఇంటిపేరు వ్యక్తినామమునకు ముందు నిలిచి, మనిషిని ముందుగా ఒక యింటివానిగా చూపును. జనక్‌పురి తెలుగువానికి ఈ విషయమున స్వానుభవము గలదు. రాజధానిలోని దరఖాస్తు పత్రములు మొదటిపేరును, చివరిపేరును అడుగును. అందుచే ఇంటిపేరు తుదకు జారును, లేదా ఒక్క అక్షరముగా కుంచించుకొనిపోవును; ఒక్కొక్కప్పుడు సొంతపేరే ఇంటిపేరుగా నమోదగును. పాఠశాల పట్టీలో ఒక విధముగా, పాసుపోర్టులో వేరొక విధముగా పేరున్న యువకుడు ఈ ఘట్టమును చూచినప్పుడు, పోరాట దృశ్యములయందు కలుగని చలనము అతనికి కలిగిన ఆశ్చర్యము లేదు. విమర్శకులు దీర్ఘమని విసుగుకొన్న చివరి భాగమును తెలుగు గృహిణులు, వృద్ధులు మెచ్చుకొనుటకు కారణము ఇందే కలదు.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను అనుసరించిన ఘట్టమును మాత్రము ఉభయులును ఏకకంఠముగ శ్లాఘించిరి. పురుషులు స్త్రీవేషము ధరించి దేవతను కొలుచు ఆచారమది. నాయకుడు చీర కట్టి, నీలవర్ణము పూసికొని నర్తించుట ఉత్తరదేశ ప్రేక్షకునకు కాళీరూపముగా భాసించినది. రామలీలలో పురుషులే స్త్రీపాత్రలను ధరించుటను చూచినవారికి ఆ వేషము వింత గాలేదు. వీరత్వమనగా కండబలమే యనుకొను కాలమున అగ్రనాయకుడొకడు చీర కట్టి రౌద్రమును పోషించుట సాహసమే. 2023లో ప్రకటింపబడిన జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమనటుడుగా ఎన్నికైన మొదటి తెలుగు నటుడను గౌరవమును పూర్వభాగముచే పొందిన అల్లు అర్జున్, ఈ ఘట్టముచే దానిని నిలుపుకొనెను. స్థానికమైనది యెంత గాఢముగా స్థానికమైన, అంత దూరమునకు వ్యాపించుననుటకు ఇది నిదర్శనము.

ఇక నైతిక విషయము. కథానాయకుడు ఎర్రచందనపు దొంగరవాణా చేయువాడు. ఎర్రచందనము శేషాచలాది తూర్పుకనుమల కొండలలో మాత్రమే సహజముగా పెరుగు వృక్షము. దూరప్రాంత ప్రేక్షకునకు అది కల్పిత ద్రవ్యము వంటిది. నాయకుని చాతుర్యమును చూచి ఆనందించుటకు అడ్డులేదు. రాయలసీమ నుండి వచ్చినవానికి ఆ కొయ్య వెనుక మనుష్యులు కానవత్తురు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవులలో పోలీసు కాల్పులలో తమిళనాడుకు చెందిన ఇరువదిమంది మరణించిరి. కొట్టువాడు చచ్చును, కొనువాడు బ్రతుకును అను సత్యమును పూర్వభాగము కొంత స్పృశించినది. ఉత్తరభాగమున నాయకుడు అధిపతియైన పిమ్మట కూలివాడు తెరనుండి తొలగెను. దొంగను నాయకుని చేయుట తప్పని కొందరనిరి. అది బలమైన ఆక్షేపణ గాదు, కావ్యలోకమున దొంగలకు ఎన్నడో చోటు గలదు. కూలివానిని మరచుటయే దోషము.

ఈ అభిప్రాయములన్నిటిని మించి వినబడినది వసూళ్ల లెక్క. ఎన్ని దినములలో ఎన్ని కోట్లు వచ్చెనో చెప్పుట, చిత్రము బాగున్నదా యను ప్రశ్నకు సమాధానముగా చెల్లుచున్నది. ఇది ప్రేక్షకుని తీర్పు గాదు, వర్తకుని చిట్టా. 800 కోట్లు చెల్లించినవారిలో మెచ్చినవాడును, విసిగినవాడును ఒకే వెల ఇచ్చిరి. ఈ సంఖ్యావ్యామోహమునకు తోడు మొదటి ఆటనే చూడవలెనను ఆతురత పెరిగినది. విడుదలకు ముందునాటి రాత్రి, 2024 డిసెంబరు 4న, హైదరాబాదు ఆర్టీసీ కూడలిలోని సంధ్య థియేటరు వద్ద జరిగిన త్రొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆమె కుమారుడు ప్రాణాపాయ స్థితికి లోనయ్యెను. చిత్రమును చూచుటకు వచ్చినవారి ప్రాణమునకు రక్షణ లేనిచోట వారి అభిప్రాయమునకు గౌరవమున్నదని చెప్పుట మాటలకే పరిమితము. ప్రేక్షకుని గుంపుగా గాక మనిషిగా చూచుట నిర్మాతకును, ప్రభుత్వమునకును, విమర్శకునకును సమానముగ విధి.

డబ్బింగుచే చిత్రము సర్వులకు అందుచున్నది గదా, మూలభాషను గూర్చి చింత యేల యని కొందరు వాదింతురు. అందుట నిజము. అందినది ఏమి, అందనిది ఏమి యని చెప్పగలవాడు ఉభయభాషలను ఎరిగినవాడు మాత్రమే. అట్టివాడు జనక్‌పురి వంటి పేటలలో గలడు. ఆ తరము తరలిపోయి, వారి పిల్లలు హిందీ రూపము నొక్కదానినే ఎరిగినవారైనచో, తగ్గుటకును వంగుటకును గల భేదమును చెప్పువారుండరు. విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు ప్రబంధములకు వ్యాఖ్యానములు కూర్చినట్లే, ఇట్టి ప్రవాస ప్రేక్షకుల అభిప్రాయములను ఇంటింట అడిగి వ్రాసి భద్రపరచవలెను. మాండలిక పదములకు హిందీలో చేసిన మార్పులను ప్రక్కప్రక్కన చేర్చి పట్టికలు తయారు చేయవలెను. ఢిల్లీ థియేటర్లు తెలుగు ప్రదర్శనలను ఉద్యోగులకు వీలగు వేళలలో ఏర్పరచుట, పిల్లలు చదువుకొనుటకు వీలుగా ఉపశీర్షికలను చేర్చుట అసాధ్యములు గావు.

మూడవ భాగము వచ్చునపుడు ప్రేక్షకుడు మరల బాకీ లెక్క తీయక మానడు. ఆ లెక్కను కోట్లలో గాక మాటలలో వ్రాసికొను అలవాటు తెలుగువారికి అంతలోపల ఏర్పడవలెను.