మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అన్నారట. ఎదుటివాడి నోరు మూయించడానికి ఇంతకంటే తేలికైన సామెత లేదు. పరీక్ష పోతే పేపరు కష్టం అనకూడదు, ప్రోగ్రాం రన్ అవ్వకపోతే కంప్యూటర్‌ని తిట్టకూడదు. తప్పెప్పుడూ మనదే. నేనూ అలాగే నమ్మాను. నమ్మి ఎనిమిది నెలలపాటు వయొలిన్ మీద సరళీ వరసలు గీకాను. వాయించాను అనట్లేదు, గీకాను అంటున్నాను. మా హాస్టల్ మూడో అంతస్తు మొత్తం సాక్ష్యం చెప్తుంది.

ఆ సామెత మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలి?

ఫస్టియర్‌లో ఉండగా ఆదివారాలు టౌన్‌లో ఒక మాస్టారి దగ్గర వయొలిన్ క్లాసులకి చేరాను. నాన్న ఐదు వేలు ఇచ్చారు. షాపులో పెట్టె, వయొలిన్, కమాను, రోజిన్ బిళ్ల అన్నీ కలిపి 4,500 అన్నారు. వయొలిన్‌ని పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాను. పాలిష్ బాగుందన్నాను. కమాను వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఫోన్‌తో వచ్చే చార్జర్ లాంటిదేలే అనుకున్నాను.

కమాను అంటే తెలియనివాళ్ల కోసం: వయొలిన్ తీగల మీద అటూ ఇటూ లాగే పుల్ల. ఇంగ్లీషులో బో. లారీ కింద కమాను కట్టలు అంటాం చూడండి, ఆ కమానే ఇదీ. మెకానికల్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, రెండూ స్ప్రింగులే. పుల్ల లోపలికి వంగి ఉంటుంది. దానికి గుర్రపు తోక వెంట్రుకలు, సుమారు 150 నుంచి 200 దాకా, ఒక రిబ్బన్‌లా బిగించి ఉంటాయి. చివర మర తిప్పితే వెంట్రుకలు బిగుస్తాయి, పుల్ల స్ప్రింగులా పనిచేస్తుంది.

నా కమాను మధ్యలోకి రాగానే వణికేది. షడ్జమం మీద నిలవమంటే తీగ మీద పట్టు తప్పి వేళ్ల వైపు జారిపోయేది. జారకుండా ఉండాలని గట్టిగా నొక్కేవాణ్ణి. నొక్కితే కీచుమనేది. ఇంకా గట్టిగా పట్టుకునేవాణ్ణి. బొటనవేలు నొప్పి పుట్టేది. చేతిలో లేదురా విద్య అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను.

ఒక ఆదివారం నా కమాను మర ఇరుక్కుపోయి తిరగలేదు. మాస్టారు తన కమాను ఇచ్చి, "దీంతో కానీ" అన్నారు. మొదటి వరస వాయించాను. వణుకు లేదు! నేను లాగిన చోటికే వెళ్తోంది. శబ్దం గొప్పగా ఏమీ లేదు గానీ, అది శబ్దమే, గీకుడు కాదు. కళ్లలో నీళ్లొచ్చాయంటే నవ్వకండి. ఎనిమిది నెలల కోపం అది.

కథ ఇక్కడే ఆగిపోతే బాగుండేది. కానీ మాస్టారు నా కమాను తీసుకుని, మర ఎలాగో తిప్పి, అదే వరస వాయించారు. చక్కగా పలికింది! అంటే తప్పు నాదేనా మళ్లీ?

హాస్టల్‌కి వచ్చే బస్సులో దీని గురించే ఆలోచించాను. జవాబు మన ఫిజిక్స్ ల్యాబ్‌లోనే దొరికింది. వెర్నియర్ కాలిపర్స్‌లో జీరో ఎర్రర్ ఉందనుకోండి. ల్యాబ్ అసిస్టెంట్‌కి ఆ సంగతి తెలుసు కాబట్టి దాన్ని తీసేసి సరైన రీడింగ్ చెప్తాడు. మొదటిరోజు ల్యాబ్‌కొచ్చిన కుర్రాడికి తెలియదు. రీడింగ్ తప్పొస్తే తన కన్నే సరిగ్గా లేదనుకుంటాడు. మాస్టారి చేతికి నలభయ్యేళ్ల అనుభవం ఉంది. కమాను ఎటు ఒరిగితే ఆయన మణికట్టు దానికి ఎదురు ఒరుగుతుంది, ఆయనకే తెలియకుండా. నా చేతికి ఆ విద్య లేదు. పైగా వంకర కమానుకి ఎదురు ఒరగడమే పద్ధతి అనుకుని నేర్చేసుకుంటోంది.

అందుకే నా అభిప్రాయం ఇది. "నేర్చుకునేవాడికి ఏదైనా ఒకటేలే, వచ్చాక మంచిది కొనుక్కోవచ్చు" అని అందరూ అంటారు. సరిగ్గా తలకిందుల మాట. చేయి తిరిగినవాడు వంకర కమానుతోనూ నెట్టుకొస్తాడు. తిన్నని కమాను కావాల్సింది నేర్చుకునేవాడికే. ఖరీదైనది అనట్లేదు. తిన్ననిది అంటున్నాను. ఈ రెండూ ఒకటి కాదు.

అసలు లోపల జరిగేది చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వెంట్రుకలకి రాసిన రోజిన్ తీగని పట్టుకుని కొంచెం దూరం లాక్కెళ్తుంది. తీగ తట్టుకోలేక జారి వెనక్కి వస్తుంది. మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి కొన్ని వందల సార్లు ఇదే తంతు. స్టాటిక్ ఫ్రిక్షన్, కైనెటిక్ ఫ్రిక్షన్ అని మనం పరీక్ష కోసం బట్టీ కొట్టిందే. బలం చాలకపోతే ఈల వేసినట్టు పైపైన పలుకుతుంది. ఎక్కువైతే కీచుమంటుంది. ఈ రెండిటి మధ్యే సంగీతం. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ గారు, 1930లో నోబెల్ రావడానికి చాలా ముందే, 1918లో ఈ కమాను, తీగల కంపనాల మీద పెద్ద పరిశోధన ప్రచురించారు. తర్వాత వయొలిన్‌ని యంత్రంతో వాయించి, ఎంత వేగానికి ఎంత బలం కావాలో కొలిచారు. యంత్రం పెడితే చేతి తేడాలు పక్కకి పోతాయి కదా. మనకి ఆ యంత్రం లేదు. కనీసం కమాను తేడానైనా పక్కకి తీసేస్తే, మిగిలింది మన చేతి తప్పని తెలుస్తుంది.

సరే, తక్కువ డబ్బుతో తిన్నని కమాను ఎలా ఏరుకోవాలి? ఒక కమాను పోగొట్టుకుని నేర్చుకున్నది చెప్తాను.

షాపులో ముందు మర వదులు చెయ్యండి. చేత్తో పట్టుకునే చోట నల్లటి దిమ్మ ఉంటుంది. దాన్ని ఫ్రాగ్ అంటారు, అవును, కప్పే. అటువైపు నుంచి ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క వాటం చూసినట్టు, పుల్ల పొడుగునా చూడండి. కుడికో ఎడమకో ఒరిగితే అక్కడే పెట్టేయండి. తర్వాత వాయించేంత బిగించి మళ్లీ అలాగే చూడండి. వదులుగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, బిగించాక పక్కకి తిరిగేవి కొన్ని ఉంటాయి. నాది ఆ రకమే.

రెండోది వంపు. వదులు చేసినప్పుడు పుల్ల మధ్యభాగం వెంట్రుకలకి దాదాపు తగలాలి. బిగించినప్పుడు మధ్యలో ఒక పెన్సిల్ పట్టేంత సందు చాలు. అప్పటికే పుల్ల వంపంతా పోయి గీతలా అయిపోయిందంటే అందులో స్ప్రింగు లేదన్నమాట. వణుకుతుంది.

మూడోది బరువు. పెద్దవాళ్లు వాడే పూర్తి సైజు కమాను 60 గ్రాముల దగ్గర ఉంటుంది. రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. బాగా ఎక్కువైతే చెయ్యి లాగేస్తుంది, బాగా తక్కువైతే మనం నొక్కడం మొదలుపెడతాం. మర ఇరుక్కోకుండా తిరగాలి, ఫ్రాగ్ ఊగకూడదు, వెంట్రుకల రిబ్బన్ మధ్యలో చీలికలు ఉండకూడదు. ఆఖర్న అక్కడే ఏదో ఒక వయొలిన్ తీసుకుని ఒక్క తీగ మీద ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా లాగండి. వాయించడం రాకపోయినా వణుకు తెలుస్తుంది. షాపాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. చెప్పులు కొనేటప్పుడు వేసుకుని చూడమా?

ఇక దేంతో చేసినది? ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా జేవియర్ తూర్త్ (1747–1835) అనే ఆయన ఈ కమానుకి నేటి ఆకారం స్థిరపరిచాడు. మొదట్లో గడియారాల పని నేర్చుకున్నాడట. ఆయన చూపిన దారిలో గొప్ప కమానులన్నిటికీ బ్రెజిల్‌లో పెరిగే పెర్నంబుకో కర్ర వాడుతూ వచ్చారు. ఆ చెట్టు తరిగిపోతోందని 2007లో దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. అది మన బడ్జెట్ కాదు, మన అవసరమూ కాదు. అయిదారు వందల కర్ర కమానుల్లో తిన్ననివి ఉండొచ్చు, కానీ పది చూసి ఒకటి ఏరుకోవాలి. ఆన్‌లైన్‌లో ఏరుకునే వీలుండదు. నా ఓటు మామూలు కార్బన్ ఫైబర్ కమానుకి. వర్షాకాలం హాస్టల్ గది చెమ్మకి అది చెక్కలా వంగదు. నేను 2,400 పెట్టి కొన్నాను. అంత లేకపోతే ఫైబర్‌గ్లాస్ ఫర్వాలేదు, అదీ కర్రలా వంకర పోదు. అయితే పైన కార్బన్ నేత డిజైన్ అద్దినవీ అమ్ముతారు, అడిగి తీసుకోండి. కర్రలో ఉండే తీపి కార్బన్‌లో రాదని పెద్దవాళ్లు అంటారు. నిజమే కావచ్చు. సరళీ వరసల దగ్గర ఉన్న నాకు తీపి తర్వాత, ముందు తిన్నగా వెళ్తే చాలు.

ఐదు వేలే ఉంటే? మూడు వేల వయొలిన్, రెండు వేల కమాను అంటాను. నాలుగున్నర వేల వయొలిన్‌తో పాటు ఊరికే వచ్చిన కమాను కంటే ఇదే మేలు.

కొన్నాక రెండు జాగ్రత్తలు. కొత్త వెంట్రుకలకి రోజిన్ బాగా పట్టించకపోతే అసలు శబ్దమే రాదు, కంగారు పడకండి. కొత్త రోజిన్ బిళ్ల నున్నగా ఉంటే వర్క్‌షాప్‌లోని ఎమరీ పేపర్‌తో కాస్త గీకితే పొడి లేస్తుంది. ఈసీఈ వాళ్లకి ఈ వాసన పాత చుట్టమే, సోల్డరింగ్ ఫ్లక్స్‌లో ఉండేది ఇదే. వాయించడం అయ్యాక మర వదులు చెయ్యడం మర్చిపోకండి, వెంట్రుకల్ని వేళ్లతో ముట్టుకోకండి. వెంట్రుకలు మార్పించే ఖర్చుతో కొత్త చవక కమాను వచ్చేస్తుంది, పైగా మన ఊళ్లో ఆ పని చేసేవాళ్లు లేరు.

ఇదంతా విని మా రూమ్మేట్ అన్నాడు: "ఇలా మొదలుపెడితే ఇంక ఆగదు. రేపు తీగలంటావు, ఎల్లుండి వయొలిన్ అంటావు. కెమెరా క్లబ్బోళ్లు లెన్సులు కొన్నట్టు." ఆ మాటలో నిజం ఉంది. కొనడం సాధన కాదు. అందుకే నా లెక్క ఒక్కసారికే. సందేహం తీర్చుకోవడానికి ఒక కమాను, ఆ తర్వాత ఇంక అంగడి వైపు చూపు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను. పోయిన సెమిస్టర్‌లో హాస్టల్ గ్రూపులో ఒక జూనియర్ వయొలిన్ అమ్మకానికి పెట్టాడు. చూడ్డానికి వెళ్లి, ఎందుకమ్మేస్తున్నావు తమ్ముడూ అనడిగితే, "మనకి రాదులే అన్నా, ఏడాది ప్రయత్నించా" అన్నాడు నవ్వుతూ. కమాను తీసి ఒక కన్ను మూసి చూశాను. అరటికాయలా ఒరిగి ఉంది. నీది కాదురా తప్పు అని చెప్పాను, నాది ఇచ్చి వాయించి చూడమన్నాను. తీసుకోలేదు. మనసు అప్పటికే విరిగిపోయింది. ఆ ఏడాది మాట తిరిగి రాదు కదా. ఈసారి ఆదివారం బస్సెక్కబోయే ఫస్టియర్ ఎవరైనా ఉంటే, ఇది ముందే వాళ్ల కంట పడాలని.

నా సంగతంటారా? కొత్త కమాను వచ్చి ఏడాది దాటింది. నొక్కే అలవాటు వదిలించుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అలంకారాల్లో ఉన్నాను. ఇంకా అపస్వరాలు వస్తూనే ఉన్నాయి. కానీ ఇప్పుడు మద్దెల బాగానే ఉంది, కాబట్టి ఆ సామెత నన్ను అనే హక్కు మీకుంది.