గ్యాప్ కాదు తప్పు, మనం రాసే తీరు

మొన్న గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది. "అక్కా, ఎంకామ్ చదివాను, గుంటూరులో ఆరేళ్ళు అకౌంట్స్ చూశాను. ఇక్కడ కౌన్సిల్‌కి నాలుగు అప్లికేషన్లు పెడితే ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. పిల్లల కోసం ఇంట్లో ఉన్నందుకేనా?"

కాదమ్మా. నేనూ అలాగే అనుకుని ఏడాది పోగొట్టుకున్నాను.

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఉద్యోగ ప్రకటనతో పాటు పర్సన్ స్పెసిఫికేషన్ అని ఒక కాగితం ఉంటుంది. చాలామందిమి అది తెరవం కూడా. అందులో ఎసెన్షియల్, డిజైరబుల్ అని వరసగా ఉంటాయి. షార్ట్‌లిస్ట్ చేసేవాళ్ళు ఆ వరస ముందు పెట్టుకుని, మన సపోర్టింగ్ స్టేట్‌మెంట్‌లో ఒక్కోదానికి రుజువు ఉందా అని చూస్తారు. "కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను" అంటే వాళ్ళకి పనికొచ్చే ముక్క ఏదీ లేనట్టే. నేను రెండుసార్లు అదే రాశాను! మన గురించి మనం చెప్పుకుంటే గొప్పలు అనుకుంటారని చిన్నప్పటినుంచీ మనకి అలవాటు కదా.

మూడోసారి "కోపంగా ఉన్నవారితో మాట్లాడిన అనుభవం" అన్నచోట మా ఉగాది భోజనాల సంగతి రాశాను. టోకెన్లు తక్కువ పడ్డాయి, లైన్లో గొడవ మొదలైంది. పిల్లలున్నవాళ్ళని ముందు కూర్చోబెట్టి, మిగతావాళ్ళకి ఎంతసేపు పడుతుందో చెప్పాను. ఏం జరిగింది, నేనేం చేశాను, చివరికి ఏమైంది, ఐదు వాక్యాలు. ఇంటర్వ్యూకి పిలిచారు.

స్కూలు ఉద్యోగాలకైతే గ్యాప్ ఎందుకో అడుగుతారు. తేదీలతో, పిల్లల పెంపకం అని రాయండి, దాచకండి. డీబీఎస్ చెక్ ఉంటుంది, షేర్ కోడ్ సిద్ధంగా పెట్టుకోండి. మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో యూకే ఎనిక్ కాగితం ఇస్తుంది. దానికి డబ్బు కట్టాలి కాబట్టి అడిగినప్పుడే తీసుకోండి.

"వేర్‌హౌస్‌లోనూ అంతే ఇస్తారుగా" అనేవాళ్ళున్నారు. మొదటి జీతం చూస్తే నిజమే. కానీ లోకల్ గవర్నమెంట్ పెన్షన్‌లో ఏటా మన జీతంలో 49వ వంతు మన పెన్షన్ ఖాతాలో చేరుతుంది. నలభైల్లో ఉద్యోగం మొదలుపెట్టే మనకి అది చిన్న విషయం కాదు.

ఇక్కడి అనుభవం ఏమీ లేదంటారా? కౌన్సిల్ ఎలక్షన్ ఆఫీసులో పోల్ క్లర్క్ పనికి పేరివ్వండి. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా, కాళ్ళు పీకేస్తాయి. అయినా ఒక్కరోజు పనితో అప్లికేషన్‌లో రాయడానికి ఒక నిజమైన ఉదాహరణ దొరుకుతుంది.

చెల్లెమ్మా, ఐదో అప్లికేషన్ అప్పుడే పంపకు. ఆ పర్సన్ స్పెసిఫికేషన్ నాకు పెట్టు. ఆదివారం వంటలయ్యాక ఫోన్లో కూర్చుందాం.