బాల్ జాయింట్ ఒక్కటా, ఆర్మ్ మొత్తమా?

థార్, స్కార్పియో లాంటి ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ముందు చక్రం దగ్గర టకటకలు మొదలయ్యాయంటే ఆటోనగర్‌లో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. "బాల్ జాయింట్ ఒక్కటి మారిస్తే చాలు సార్" అని ఒక షెడ్డులో అంటారు. "ఆర్మ్ అసెంబ్లీయే వేసేయండి, మళ్లీ మళ్లీ ఎందుకు విప్పడం" అని పక్క షెడ్డులో అంటారు. ఖర్చులో తేడా బాగానే ఉంటుంది కాబట్టి రెండోవాడు దోచుకుంటున్నాడని మనకు అనిపిస్తుంది. ప్రతిసారీ అది నిజం కాదు.

ఈ బండ్లలో ముందు చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. వాటి కొసల్లో ఉండే బాల్ జాయింట్లు మన తుంటి కీలు లాంటివే. స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది కనుక బరువంతా కింది జాయింట్‌దే, పైది దారి చూపుతుందంతే. (జిమ్నీ, పాత జిప్సీ వాళ్లకు ఈ తలనొప్పి లేదు. వాటి ముందు యాక్సిల్‌కు కింగ్‌పిన్‌లు ఉంటాయి. అలాగని యాక్సిల్ బండ్లన్నీ అంతే అనుకోకండి, జీప్ రాంగ్లర్ యాక్సిల్‌కు ఉన్నవి బాల్ జాయింట్లే.) బరువు మోసే జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడతపడి బండి ముక్కు రోడ్డును తాకుతుంది. 2005లో టొయోటా అమెరికాలో టకోమా, టండ్రా పికప్‌లను వెనక్కి పిలిపించింది ముందు బాల్ జాయింట్ల గురించే.

ఏది మార్చాలో తేల్చే ముందు అసలు పోయిందో లేదో తేలాలి. అనవసరపు ఖర్చంతా ఇక్కడే పుడుతుంది. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం ఊపి "బాగానే ఉంది" అనేస్తుంటారు. అప్పుడు స్ప్రింగ్ ఆర్మ్‌ను కిందికి నొక్కి పట్టి ఉంచుతుంది కనుక ప్లే (వదులుదనం) బయటపడదు. జాకీ కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. టైరు కింద గడ్డపార దూర్చి పైకి ఎత్తుతుంటే ఇంకొకరు జాయింట్‌నే చూస్తూ ఉండాలి. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే, బ్రేకు తొక్కించి మళ్లీ ఊపాలి. కదలిక ఆగిపోతే లోపం వీల్ బేరింగ్‌ది, బాల్ జాయింట్‌ది కాదు. కుడి ఎడమలకు ఊపినప్పుడే కదిలితే టై రాడ్ ఎండ్ వైపు చూడాలి. ఎంత ప్లే ఉండొచ్చన్నది బండిని బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్ చెప్పిందే లెక్క.

పరిమితి దాటితే వాయిదా మాటే లేదు. చిక్కంతా రబ్బరు బూట్ చిరిగి, ప్లే మాత్రం ఇంకా రాని జాయింట్‌తోనే. గట్టిగా ఉన్నదాన్ని పీకడం దండగ అనే వాదనలో న్యాయముంది. బూట్ చిరిగిందంటే దుమ్మూ నీళ్లూ అప్పటికే లోపలికి చేరాయన్న వాదనా నిజమే. ఊళ్లో తారురోడ్డు దాటని బండైతే ఆయిల్ మార్చినప్పుడల్లా చూసుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చు. మారేడుమిల్లి, పాడేరు వైపు వాగులు దాటించే బండైతే వానలకు ముందే మార్చేయడం మేలు.

ఇక ఆర్మ్ సంగతి. మొత్తం వేస్తే ఆర్మ్ రెండో కొసన ఉండే రబ్బరు బుష్‌లు కూడా కొత్తవి వస్తాయి, ప్రెస్ పని ఉండదు. కానీ ఊరూ పేరూ లేని ఆర్మ్ వేస్తే కంపెనీ ఆర్మ్‌ను చేతులారా తుక్కులో పడేసి నాసిరకం జాయింట్ తెచ్చుకున్నట్టే. ఒక్క జాయింటే మారిస్తే డబ్బు మిగులుతుంది, అసలు ఆర్మ్ నిలుస్తుంది. అయితే బిగుతుగా కూర్చునే జాయింట్‌ను ప్రెస్‌తో కాకుండా సుత్తితో దించితే ఆర్మ్ కన్నం సాగి కొత్తదీ వదులవుతుంది. అప్పుడు "ఒక టాకా వేస్తాం" అంటారు. ఒప్పుకోకండి. ఆ వెల్డింగ్ వేడికి జాయింట్ లోపలి ప్లాస్టిక్ గిన్నె, గ్రీజు రెండూ పాడవుతాయి. బుష్‌లు బాగుండి, షెడ్డులో ప్రెస్ ఉంటే జాయింట్ ఒక్కటే నా ఓటు. బుష్‌లు పగిలినా, కన్నం సాగినా కంపెనీ ఆర్మే. ఎడమది పోయిందని కుడిదీ మార్చమంటే మాత్రం ముందు పరీక్ష చేసి చూపించమనండి.

సొంతంగా చేద్దామనుకునే వాళ్లకు ఒక మాట. జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. కింది ఆర్మ్ కింద జాకీ అలాగే ఉండాలి, స్ప్రింగ్‌ను ఆపేది అదే. నట్ పూర్తిగా తీయకుండా నాలుగు మరలు వదిలి, నకిల్ (చక్రపు హబ్ కూర్చునే ముక్క) కన్నం పక్కన సుత్తితో కొడితే జాయింట్ స్టడ్ వదులుతుంది. విడిపోయిన నకిల్‌ను బ్రేక్ హోస్ మీద వేలాడదీయకూడదు. బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింట్ లోపల ఊడిపోవచ్చు.

పని ఎవరు చేసినా, నట్‌ను టార్క్ రెంచితో బిగించాక స్ప్లిట్ పిన్ కన్నం కుదరకపోతే ఇంకాస్త బిగించి కుదర్చాలే తప్ప వెనక్కి వదలకూడదు. బండి తీసుకునే ముందు పాత జాయింట్ చేతికి ఇమ్మనండి, కొత్త స్ప్లిట్ పిన్ పడిందో లేదో వంగి చూడండి, వీల్ అలైన్‌మెంట్ చేయించాకే ఘాట్ ఎక్కించండి.