స్ట్రిప్పు మీద గీత తీర్పు కాదు

మత్తు అంటే గంజాయి, సారా అనుకునే రోజులు పోయాయండీ. ఇప్పుడది మన ఇంటి మందుల డబ్బాలోనే ఉంటోంది. నాయనమ్మ నిద్రకి రాసిచ్చిన ఆల్ప్రాజోలం, తాతగారి నడుం నొప్పికి ఇచ్చిన ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు. డాక్టరు రాసినవే కదా అని మనం మాత్రలు లెక్కపెట్టం. నాలుగు తగ్గినా కనిపెట్టం.

పిల్లల మీద అనుమానం వచ్చిన కొందరు తల్లిదండ్రులు మూత్ర పరీక్ష కిట్టు తెప్పించి ఇంట్లోనే చూసేస్తున్నారు. చూడొద్దని నేను అనను. దాన్నే తీర్పుగా తీసుకోవద్దంటాను.

అసలు ఆ స్ట్రిప్పు చదవడమే తిరకాసు. ప్రెగ్నెన్సీ కిట్టులో రెండో గీత వస్తే పాజిటివ్. ఇందులో రెండో గీత వస్తే నెగెటివ్, లీలగా కనిపించినా సరే. ఆ అలవాటుతో చూస్తే అంతా తారుమారే.

సరిగ్గా చదివినా పొరపాట్లున్నాయి. మార్ఫిన్, కోడీన్‌లను పట్టుకునే మామూలు పరీక్షకి ట్రమడాల్ చిక్కదు. దానికి విడిగా పరీక్ష అడగాలి. క్లోనజెపామ్, లోరాజెపామ్ కూడా చాలాసార్లు తప్పించుకుంటాయి. మరోపక్క, గసగసాలు దండిగా వేసిన కూర తిన్నవాళ్ళకీ పాజిటివ్ రావచ్చు. అవి నల్లమందు మొక్క గింజలే మరి! ఈ తంటా వల్లే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల పరీక్షల్లో పాజిటివ్ అనే హద్దుని మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచింది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ కూడా ఆంఫెటమిన్‌లా కనిపించి బెదరగొడుతుంది.

అందుకే పాజిటివ్ రాగానే చెయ్యి ఎత్తకండి. నెగెటివ్ వచ్చిందని కళ్ళు మూసుకోకండి. పిల్లాడికి చెప్పే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాడుతున్న మందులన్నీ, జలుబు మాత్రతో సహా, చెప్పండి. ల్యాబులో మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారణ పరీక్ష చేయించమని అడగండి. ఏ మందో అదే పేరుతో సహా చెబుతుంది.

ఇంకో మాట. కోపంతో మాత్రలన్నీ ఒక్కసారే లాగేసుకోకండి. ఆల్ప్రాజోలం అలవాటైన ఒళ్ళు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.

ఎంత గొప్ప ల్యాబైనా మూత్రంలో ఏముందో చెబుతుంది. ఎందుకు మింగాడో చెప్పదు. చదువు భయమా, నిద్ర పట్టకపోవడమా, స్నేహితుల పందెమా? అది మనమే అడగాలి. గొంతు పెంచకుండా అడిగితే వాడే చెబుతాడు.