ప్రమాదానికి బీమా.. జబ్బుకు దిక్కెవరు?

బరంపురం: గల్ఫ్ నుంచి ఫోన్ రాగానే ఇంట్లోవాళ్లు ముందు అడిగే మాట ‘ఒంట్లో ఎలా ఉంది?’ అని. ఆ మాట వెనక పెద్ద భయమే ఉంది. దేశం కాని దేశంలో మంచాన పడితే మంచినీళ్లిచ్చే దిక్కుండదు. డ్యూటీకి వెళ్లకపోతే జీతంలో కోత పడుతుంది. నెలలు గడిస్తే ఉద్యోగమే ఊడుతుంది. వీసా కోసం ఇక్కడ చేసిన అప్పుకు మాత్రం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేటల నుంచి, సరిహద్దుకు ఇవతల గంజాం జిల్లా నుంచి వెల్డర్లు, పైప్‌ఫిట్టర్లు ఏళ్ల తరబడి సౌదీ, ఖతార్, మలేసియా దారి పడుతున్నారు. యానాం పక్కనున్న కోనసీమ నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లే ఆడవాళ్లున్నారు. ‘మీకేం భయం లేదు, ఇన్సూరెన్స్ ఉంది’ అని ఏజెంట్లు చెబుతుంటారు. ఆ ఇన్సూరెన్స్ దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో మాత్రం చెప్పరు.

పది లక్షలు ఎప్పుడొస్తాయి?

కేంద్ర ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన తెచ్చింది. 2017లో దాన్ని సవరించింది. పదో తరగతి పాసవ్వని, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారు గల్ఫ్, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ పాలసీ తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షలు వస్తాయి.

మెలికంతా ‘ప్రమాదం’ అనే మాటలోనే ఉంది. నిద్రలో గుండె ఆగిపోయినా, కిడ్నీలు పాడై కన్నుమూసినా ఆ పది లక్షలు రావు. జబ్బు చేసి ఆస్పత్రిలో చేరితే లక్ష రూపాయల వరకు, అదీ ఒక్కోసారికి రూ.50 వేలకు మించకుండా ఇస్తారు. అక్కడి ఐసీయూ బిల్లుకు అది ఏ మూలకు?

పరాయి దేశంలో మనవాళ్లు ఎక్కువగా దేనితో పోతున్నారో చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఖతార్‌కు ప్రపంచకప్ దక్కిన తర్వాతి పదేళ్లలో అక్కడ దక్షిణాసియా వలస జనం 6,500 మందికి పైగా చనిపోయారని బ్రిటన్ పత్రిక గార్డియన్ 2021లో రాసింది. భారతీయుల మరణాల్లో 80 శాతాన్ని సహజ మరణాలుగానే నమోదు చేశారని తెలిపింది. సర్టిఫికెట్‌లో సహజ మరణమని రాశాక ఇక ప్రమాద బీమా ఊసే ఉండదు.

పదో తరగతి పాసైనవారి పరిస్థితి మరోలా ఉంది. వారికి ఈ పాలసీ తప్పనిసరి కాదు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరే ఆడవాళ్ల పేరైతే ఏ రికార్డులోనూ ఉండదు.

అకామా ఉంటేనే ఆస్పత్రి

సౌదీలో ఉద్యోగికి ఆరోగ్య బీమా చేయించాల్సింది యజమానే. యూఏఈలో 2025 జనవరి నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ఇది తప్పనిసరి అయ్యింది. సెలవు చట్టాలూ ఉన్నాయి. సౌదీలో జబ్బు చేస్తే మొదటి 30 రోజులు పూర్తి జీతం, తర్వాత 60 రోజులు ముప్పాతిక జీతం ఇవ్వాలి. యూఏఈలో 15 రోజులు పూర్తి జీతం, ఆపైన 30 రోజులు సగం జీతం.

ఇదంతా అకామా సరిగ్గా ఉన్నంత వరకే. అకామా గడువు తీరితే బీమా కార్డూ చెల్లదు. కఫీల్‌ను వదిలి బయట పనిచేసుకునే ‘ఖల్లివెల్లి’ కార్మికుడు ఆస్పత్రి మెట్లెక్కాలంటేనే పోలీసులకు భయపడతాడు. నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చి, ఇక కాళ్లాడని రోజున ఎమర్జెన్సీలో చేరతాడు.

ఎండ దెబ్బ కిడ్నీకి

గల్ఫ్ దేశాలు వేసవిలో మధ్యాహ్నం పనిని నిషేధించాయి. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని చేయించకూడదు. మిగతా గంటల్లోనూ ఎండ తక్కువేం కాదు. ఖతార్‌లో నేపాలీ కార్మికుల మరణాలపై 2019లో వచ్చిన అధ్యయనం, ఎండ తీవ్రతకూ గుండె సంబంధ మరణాలకూ లంకె ఉందని చెప్పింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు డయాలసిస్‌కు చేరడం నేపాల్ వైద్యులు గమనిస్తున్న సంగతే.

మనకు ఇది మరీ దగ్గరి విషయం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలంటే ఉద్దానం. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు ఉన్న నేల. అక్కడి కుర్రాడు 45 డిగ్రీల ఎండలో, నీళ్లు సరిగా తాగకుండా వెల్డింగ్ చేస్తే ఏమవుతుందో ఎవరైనా ఊహించవచ్చు.

సాయానికీ సరిహద్దే

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియాను 2024లో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్ర భరోసా పేరుతో బీమా పెట్టింది. రెండూ ఆయా రాష్ట్రాల వారికే. గల్ఫ్ క్యాంపులో ఒకే గదిలో ఉండి, ఒకే భాష మాట్లాడే ఇద్దరిలో ఒకరిది ఇచ్ఛాపురం, మరొకరిది బరంపురం అయితే, పెట్టె ఇంటికొచ్చిన రోజున రెండు కుటుంబాలకూ దక్కేది ఒకటి కాదు. బళ్లారి, హోసూరు, యానాం తెలుగువారిదీ ఇదే గతి.

రాష్ట్రంతో పనిలేకుండా అందరికీ అందేవి కేంద్రానివే. రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అత్యవసర వైద్యానికి, మృతదేహం తరలింపునకు నిరుపేదలకు అందులోంచి సాయం చేస్తారు. అడిగినవారికే వస్తుంది. అడగాలని తెలిసినవాళ్లు తక్కువ. తిరిగొచ్చాక చికిత్సకు ఆయుష్మాన్ కార్డు ఉంటే ఈ పథకం అమల్లో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా అనుబంధ ఆస్పత్రిలో చెల్లుతుంది. ఒడిశా కూడా 2025లో ఈ పథకంలో చేరింది.

వెళ్లేముందు..

ఏజెంటు చేయించే మెడికల్ అక్కడివారి అవసరం కోసం. మన కోసం మనం క్రియాటినిన్, బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. బీమా పాలసీ, పాస్‌పోర్టు, అకామా, బీమా కార్డు నకళ్లు ఇంట్లో ఒక కవరులో ఉంచాలి. నామినీ పేరు సరిచూసుకోవాలి. పాలసీ గడువు తీరేలోగా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. కష్టం వస్తే ఇంటి దగ్గరివారు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇవన్నీ మనిషి చేసుకోగలిగినవి. ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. బీమాలో ‘ప్రమాదం’ పక్కన ‘జబ్బు’ అనే మాట కూడా చేర్చాలి. ప్రీమియం ఇంకో రెండు మూడొందలు పెరిగినా కట్టడానికి ఎవరూ వెనకాడరు. వీసాకు లక్షలు పోసినవాళ్లకు అదో లెక్క కాదు.